ఇప్పపూల వేళ మూడు చుక్కలు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం సారపాక దగ్గరి గూడెపోళ్లం. ఒకే హాస్టల్, ఒకే డిగ్రీ కాలేజీ. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఫస్ట్ సెమిస్టర్ మార్కుల లిస్టులో ముగ్గురం అడుగునే ఉన్నం. మాలో ఒకడు పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసిండు. "ఇది మనతోని కాదు, కూలికి పోత" అన్నడు.

ఏప్రిల్‌లో మేమూ ఊరికి పోయినం. తెల్లారుజామున నాలుగింటికి ఇప్పపూలు ఏరడానికి అమ్మలతో బయల్దేరితే, వాడూ గంప పట్టుకుని వచ్చిండు. తూర్పు దిక్కున మూడు పెద్ద చుక్కలు కనబడ్డయి. పైన అభిజిత్, కుడి పక్క శ్రవణం, ఎడమ పక్క డెనెబ్.

చుక్కలకూ ర్యాంకులు ఉన్నయి. బాగా మెరిసేవి ఒకటో తరగతి, కనీకనిపించనివి ఆరో తరగతి అని రెండు వేల ఏళ్ల కింద గ్రీకులు పెట్టిండ్రు. 1856లో పోగ్సన్ దానికి లెక్క కట్టిండు. ఐదు తరగతుల తేడా ఉంటే వెలుగులో 100 రెట్లు తేడా, అంటే ఒక్కో తరగతికి సుమారు రెండున్నర రెట్లు. ఆయనే తర్వాత 1861 నుంచి మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిండు. మన హైదరాబాద్ దగ్గర రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపుకి ఫోటోమీటర్ పెట్టి, చుక్క వెలుగును కరెంటుగా మార్చి కొలిచేవాళ్లు. గాలి రోజుకో తీరుగ ఉంటది కాబట్టి, వెలుగు ఎంతో ముందే తెలిసిన ఇంకో చుక్కతో అదే రాత్రి పోల్చాలి.

ఈ లెక్కలో నంబరు తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. అభిజిత్ 0.03, శ్రవణం 0.76, డెనెబ్ 1.25.

"అయితే డెనెబ్ మన బ్యాచే" అని నవ్విండు వాడు.

మా చేతిలో టార్చి ఉంది. దూరంగా చెట్ల సందున మిల్లు లైటు మిణుకుమంటుంది. "ఈ రెండింట్లో ఏది పెద్ద లైటు రా?" అని అడిగినం. వాడు మాట్లాడలే.

శ్రవణం 17 కాంతి సంవత్సరాల దూరం. అభిజిత్ 25. డెనెబ్ వెయ్యికి పైనే. అందుకే ఇంకో కొలత ఉంది: అన్ని చుక్కల్నీ 32.6 కాంతి సంవత్సరాల దూరంలో నిలబెడితే ఏది ఎంత మెరుస్తదని. అక్కడ నిలబెడితే మన సూర్యుడు 4.8, చీకటి రాత్రిలో వెతుక్కోవాల్సిన చుక్క. డెనెబ్ మాత్రం మనకు కనబడే శుక్రుణ్ణి మించి వెలుగుతది.

మార్కుల లిస్టు అబద్ధం కాదు. 1.25 కూడా అబద్ధం కాదు, ఇక్కడిదాకా చేరిన వెలుగు అంతే. కానీ ఆ లిస్టులో దూరం ఉండదు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ఆ దూరం ఏ కాలమ్‌లో రాస్తరు?

మనమంతా డెనెబ్‌లమని చెప్తలేం. అది ఇంకా మాకే తెల్వదు. దూరం లెక్కెయ్యకుండా మనల్ని మనం తక్కువ అనుకోవద్దని మాత్రం అంటున్నం.

సెలవులు అయినంక వాడు మాతోనే బస్సెక్కిండు. రెండు సబ్జెక్టులు మిగిలినయి, మళ్లీ రాస్తున్నడు.

మీ ఊర్లో కూడా ఇప్పపూలకు పోయినప్పుడు ఒకసారి తూర్పు దిక్కు చూడండి. ఎడమ పక్కది డెనెబ్.