బొమ్మల పెట్టె, ఆటల పెట్టె, ఓట్ల పెట్టె

పిల్లలు చెడిపోవుచున్నారని పెద్దలు వగచుట యే కాలమునందైనను కలదు. ఒకప్పుడు నాటకములను నిందించిరి. పిమ్మట సినిమాను నిందించిరి. ఆ వెనుక టెలివిజనును నిందించిరి. ఇప్పుడు సెల్‌ఫోనును నిందించుచున్నారు. ఉపాధ్యాయవృత్తిలో ఇరువది యేండ్లు గడపిన మాకు ఈ మొర ప్రతిదినమును వినవచ్చుచునే యున్నది. "మావాడు ఫోను వదలడం లేదండి మాస్టారూ, మీరైనా కాస్త గట్టిగా చెప్పండి" అని తల్లులు బడి గుమ్మము కడ నిలిచి చెప్పుకొందురు. కావున ఈ సంవత్సరపు సంచికలో టెలివిజను బొమ్మల కథలను గూర్చియు, ఫోను ఆటలను గూర్చియు, రాజకీయములను గూర్చియు మా యభిప్రాయములు కొన్ని విన్నవింప నెంచితిమి. ఈ మూటికిని సంబంధమేమని చదువరులు శంకింపవచ్చును. సంబంధము కలదు, ఓపికతో చదివినచో తెలియగలదు.

మన దేశమున టెలివిజను 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగరూపమున ఆరంభమయ్యెను. 1975 ఆగస్టు మొదలుకొని ఒక సంవత్సరముపాటు అమెరికావారి ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములు చూపిరి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. హైదరాబాదు కేంద్రము 1977లో వెలసెను. గోదావరి పాయల నడుమనున్న మా ఐ.పోలవరము ప్రాంతమునకు ఆ బొమ్మలు చేరుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. మా వీధికంతటికిని ఒక్కటే పెట్టె. వెదురు గడకు కట్టిన యాంటెనాను ఒకడు డాబాపై నిలిచి త్రిప్పుచుండగా, క్రింద నున్నవారు "వచ్చింది, వచ్చింది! అయ్యో, పోయింది!" అని కేకలు వేయుచుండెడివారు. 1993లో ఆదివారముల నాడు దూరదర్శనులో జంగిల్ బుక్ బొమ్మల కథ వచ్చుచుండెను. అది జపానువారు తీసినది; హిందీలో పలికెడిది. మాకు హిందీ అంతంతమాత్రమే. ఆరాధన ముగిసి మేము పరుగెత్తుకొని పోవునప్పటికి సగము కథ గడచిపోయెడిది. అయినను మౌగ్లీ యనిన మాకు ప్రాణము.

ఆనాటి బొమ్మలు మంచివి, ఈనాటివి చెడ్డవి యని మేము చెప్పబోము. ఛోటా భీమ్ అను కథను మన హైదరాబాదులోని చిత్రకారులే తయారుచేసిరి. అది 2008 మొదలు పోగో ఛానెలులో ప్రసారమగుచున్నది. పరదేశపు బొమ్మలనే చూచి పెరిగిన మాకు, మన పల్లెను, మన లడ్డూను, మన ధోవతిని తెరమీద చూచుట సంతోషకరమే. మాకు గల ఆక్షేపణ ఒక్కటే. ఆ కథలలో కష్టము ఎప్పుడును వెలుపలినుండి వచ్చును. లడ్డూ తిని ఒక్క గుద్దు గ్రుద్దినంతనే తీరిపోవును. ఎదుటివాని మాట విని, సగము తాను తగ్గి, సగము వానిని తగ్గించి తగవు తీర్చుకొను కథలు అరుదు. బ్రదుకునందు గుద్దుతో తీరు తగవులు చాల తక్కువ గదా!

అయినను ఆ కాలమునకును ఈ కాలమునకును అసలు భేదము కథలయందు లేదు. ఆనాడు అరగంట కాగానే బొమ్మల కథ ముగిసెడిది. రాత్రి యగుసరికి ప్రసారములే ముగిసెడివి. అనగా యంత్రమే ఆగెడిది. మనము ఆపవలసిన పని లేకుండెను. నేటి ఫోను అట్లు ఆగదు. యూట్యూబులో ఒక బొమ్మ ముగియకమునుపే రెండవది సిద్ధముగా నుండును. మనము వలదనకున్నచో దానంతట అదియే మొదలగును. వ్రేలితో పైకి త్రోయుచున్నకొలది క్రొత్త క్రొత్త దృశ్యములు వచ్చుచునే యుండును. అడుగు లేని నూయి వంటిది. ఆటలలోనైతే ఒకమారు బహుమానము వచ్చును, ఒకమారు రాదు. ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక చేయి విడువబుద్ధి కాదు. ఇదంతయు యాదృచ్ఛికము కాదు. మనము ఎంతసేపు చూచిన వారికి అంత ప్రకటనల ఆదాయము గనుక, ఆపకుండునట్లే బుద్ధిమంతులు కొందరు ఆలోచించి కట్టిన యేర్పాటిది. ఇట్టి దాని యెదుట పదేండ్ల బాలుని ఒంటరిగా కూర్చుండబెట్టి, "వీనికి బుద్ధి లేదు" అనుట న్యాయమగునా?

వైద్యులును ఈ సంగతిని గుర్తించిరి. రెండేండ్లు నిండని శిశువులకు తెర తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో సలహా యిచ్చిరి. ఆటలపై వ్యసనమును రోగముల పట్టికలో చేర్చిరి. ఆ పట్టిక 2022 జనవరి 1వ తేదీ నుండి అమలునకు వచ్చెను. ఆ రోగమునకు వారు చెప్పిన మొదటి లక్షణము గమనింపదగినది. ఎన్ని గంటలు ఆడినాడన్నది కాదు; ఆపదలచినను ఆపలేకపోవుట.

దీనికి దృష్టాంతముగా మేమెరిగిన ఒక బాలుని సంగతి చెప్పెదము. అతని తల్లి కువైటులో ఒక యింట పనిచేయుచున్నది. మన కోనసీమలో ఇట్టి తల్లులెందరో కలరని అందరికిని తెలియును. కొడుకు ముఖము చూచుటకై ఆమె డబ్బు పంపి ఫోను కొనిపించినది. ఆ ఫోనుననే అతడు స్నేహితులతో కలసి యుద్ధపు ఆట ఆడుచుండెను. ఆ ఆటను నడుమ ఆపుటకు వీలులేదు; ఒకడు తప్పుకొనిన జట్టంతయు ఓడును. ఒకనాటి రాత్రి ఆట రసవత్తరముగా నుండగా తల్లి పిలిచినది. అతడు పిలుపును కోసివేసెను. ఆమె మరల పిలిచినది, మరల కోసివేసెను. మరునాడు అమ్మమ్మ వచ్చి మాతో చెప్పుకొని కన్నీరు పెట్టుకొన్నది. మేము అతనిని ఏకాంతముగా పిలిచి అడుగగా, "మధ్యలో ఆపితే మా జట్టు ఓడిపోతుందండి" అనెను. అబద్ధమాడలేదు. అతని దృష్టిలో అది నమ్మకద్రోహము.

మేము అతనిని కొట్టలేదు, తిట్టలేదు. కువైటునకును మనకును కాలభేదమెంతయో కనుగొనుమంటిమి. రెండున్నర గంటలని మరునాడు చెప్పెను. ఇక్కడ రాత్రి తొమ్మిది గంటలైన అక్కడ ఆరున్నర. ఆమెకు అప్పుడే కొంచెము తీరిక. ఆ వేళకు ఆట మొదలుపెట్టకుండ ఫోనును ఖాళీగా నుంచవలెనని యొప్పించితిమి. "మా అమ్మ వేళ" అని జట్టులోని వారికి అతడే చెప్పుకొనెను. వారును సమ్మతించిరి. అతడు ఆట మానలేదు, మేమును మానుమనలేదు. ఆపుట నేర్చెను, మాకు అది చాలును.

ఇక ఆటల విషయమున మరియొక మాట. దాళ్వా కోతలు ముగిసిన పిమ్మట మా వైపు చేలలో పిల్లలు క్రికెట్టు ఆడుదురు. అక్కడ అంపైరు ఉండడు. "ఔటు" అని యొకడు, "కాదు" అని యొకడు వాదింతురు. కొంతసేపు అరచి, చివరకు "సరే, ఇంకొక బంతి వెయ్యి" అని కుదుర్చుకొందురు. కోపగించి బ్యాటు పట్టుకొని పోవువాడు మరునాడు మరల రాక తప్పదు. ఫోను ఆటలో తగవు లేదు. తీర్పు యంత్రమే చెప్పును. ఓడినవాడు చిటికెలో ఎరుగనివారితో మరియొక ఆట మొదలుపెట్టును. కావున చేలో ఆడనేరని బాలుడు పోగొట్టుకొనునది వ్యాయామము మాత్రమే కాదు. తగవు తీర్చుకొని మరల కలసియుండు విద్యను పోగొట్టుకొనుచున్నాడు. ఆ విద్యకే పెద్దయైన పిమ్మట రాజకీయమని పేరు.

రాజకీయమనగా అరుపులని పిల్లలు తలచుచున్నారు; టెలివిజను చర్చలు చూచిన ఎవరైనను అట్లే తలతురు. కాని మా మండలములోని యెదుర్లంకలో 1951లో జన్మించిన శ్రీ జి.ఎం.సి. బాలయోగిగారు 1998 మార్చిలో లోక్‌సభకు స్పీకరైరి. దళిత కుటుంబమున పుట్టి ఆ పీఠమెక్కిన మొదటివారు వారే. స్పీకరు అనగా మాటలాడువాడని అర్థము. ఆయన పని మాత్రము ఇతరులు వంతుల ప్రకారము మాటలాడునట్లు చూచుట, మితిమీరినవారిని ఆపుట. 1999 ఏప్రిల్ 17వ తేదీన అటల్ బిహారీ వాజపేయిగారి ప్రభుత్వము 269కి 270 ఓట్లతో, అనగా ఒక్క ఓటు తేడాతో, పడిపోయెను. ఆ పీఠముపై నాడు కూర్చున్నవారు మన లంకలవారే. దేశమును ఏలు ప్రభుత్వము మారుచుండగా ఒక్క రాయి పడలేదు. అంకెలు చదివిరి, అందరును లేచి పోయిరి. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున వారు మరణించిరి. యానాము, ఎదుర్లంకల నడుమ గోదావరిపై గల వారధికి వారి పేరే పెట్టిరి. ఆ వారధిమీదుగా పోవునప్పుడెల్ల మన పిల్లలు ఈ కథ తలచుకొనవలెనని మా కోరిక.

దీనికి విరుద్ధమైన దృశ్యమును గూడ మన జిల్లాయే చూచినది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా యేర్పడెను. దానికి డాక్టరు అంబేడ్కరుగారి పేరు చేర్చుటకు మే 18న ప్రభుత్వము ప్రకటన వెలువరించి, అభ్యంతరములు తెలుపుటకు ముప్పది దినముల గడువిచ్చెను. ఆ మహనీయుని పేరు మన జిల్లాకు గౌరవమని మా యభిప్రాయము; వేరు తలచినవారికి కాగితము, కలము, గడువు ఉండెను. కాని మే 24న అమలాపురమున నిరసన హింసగా మారెను. ఒక మంత్రిగారి యిల్లు, ఒక శాసనసభ్యుని యిల్లు, బస్సులు తగులబడెను. జనమును కూడగట్టుటకు వాట్సాప్ సందేశములు సాధనములైనవని పోలీసులు తెలిపిరి. పెక్కుమంది యువకులు కేసులలో చిక్కుకొనిరి. వెంటనే ఇంటర్నెట్టును నిలిపివేయగా, దినములు గడచి వారములైనను జిల్లాలో అనేక చోట్ల అది తిరిగి రాలేదు. ఇంటనుండి ఉద్యోగము చేయువారు సంకేతమును వెదకికొనుచు పొరుగు జిల్లాలకు పోయిరి. కువైటునందలి తల్లులకు బిడ్డల ముఖములు కనబడలేదు. తనను తాను ఆపుకొననివానిని మరియొకరు ఆపుదురు. అట్లు ఆపునప్పుడు నేరము చేసినవానితోపాటు చేయనివానిని గూడ ఆపుదురు. ఇది ఆ దినములు మాకు నేర్పిన పాఠము.

ఇంతమాత్రమున యంత్రమును తిట్టుట మా యుద్దేశము కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానులో మన కోనసీమ తీరమున వేయిమందికి పైగా మరణించిరి. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామముల దుఃఖము చెప్పనలవి కాదు. సముద్రముమీద నున్నవారికి వర్తమానము పంపు సాధనము నాడు చేతిలో లేదు. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను మన తీరమునే దాటినప్పుడు ముందుగనే ఫోనులకు హెచ్చరికలు వచ్చెను. జనులు ఆశ్రయములకు తరలిరి. అది 1996 నాటిదంత తీవ్రమైనది కాదు. అయినను ప్రాణనష్టము అత్యల్పమగుటలో ఆ హెచ్చరికల పాలు కలదు. పుకారును మోసిన ఫోనే ప్రాణములను గాచెను.

తల్లిదండ్రులకును ఒక మాట విన్నవింతుము. డబ్బు పందెముగా ఆడు ఫోను ఆటలను మన రాష్ట్రము 2020లోను, కేంద్రప్రభుత్వము 2025లోను చట్టమువలన నిషేధించినవి. మంచిదే. కాని చట్టము ధనపు పందెమును ఆపగలదు. కాలపు పందెమును ఆపజాలదు. సంక్రాంతికి కోడిపందెములు చట్టవిరుద్ధమైనను మా మండలములోని మురమళ్ల బరులకు ఎందరు పెద్దలు పోవుచున్నారో పిల్లలు చూచుచునే యున్నారు. బరికడ ఆగని తండ్రి మాట ఫోనుకడ కొడుకు వినునా? భోజనమువేళ ఇంటిల్లిపాదియు ఫోనులను ఒక తట్టలో నుంచుట మా యింట అలవాటు. తట్టలో మొదట పడవలసినది పెద్దల ఫోనే.

ప్రియ విద్యార్థులారా! బొమ్మలు చూడుడు, ఆటలాడుడు, వార్తలు చదువుడు. కాని చూచుటకు ముందే ఎప్పుడు ఆపెదరో నిర్ణయించుకొనుడు. ఊరకనే వచ్చు ఆటను ఎవరు తయారుచేసిరి, వారికి ఆదాయమెట్లు వచ్చుచున్నదని అడుగుడు. కోపము పుట్టించు సందేశము వచ్చినచో, ఒక రాత్రి నిద్రించి లేచిన పిమ్మట గాని యితరులకు పంపకుడు. తెల్లవారుసరికి సగము సందేశములు పంపదగినవి కావని మీకే తోచును.

పదునెనిమిదేండ్లు నిండగానే మీకును ఓటు వచ్చును. పూర్వపు ఓట్ల పెట్టె స్థానమున నేడు మీట గల యంత్రము వచ్చినది. మీట నొక్కిన పిమ్మట ప్రక్కనున్న అద్దములో ఒక చీటీ ఏడు సెకనులు కనబడి లోపల పడిపోవును. ఆ ఏడు సెకనులలో చూచుటయే గాని మార్చుట లేదు. ఆలోచన యంతయు నొక్కుటకు ముందే జరుగవలెను. చిన్ననాట బొమ్మల పెట్టెకడను, ఆటల పెట్టెకడను చేయి ఆపుట నేర్చినవానికి ఆనాడు ఆ పని కష్టము కాదు. మీరందరును అట్టివారు కావలెనని మా యాకాంక్ష.