టాపు తెచ్చిన తంటా

మా ఇంట్లో లెక్కల పుస్తకం నాది. పాలు, కూరలు, గ్యాసు సిలిండరు ఏ తారీఖున పెట్టిందీ, ఏ తారీఖున అయిపోయిందీ, అన్నీ అందులోనే. మా మరిది చిన్న ట్రక్కు కొన్నప్పుడు నా చిట్టీ డబ్బు కొంత అందులో పెట్టాను. అప్పట్నించీ డీజిలు లెక్క కూడా ఉప్పుపప్పుల పక్కన చేరింది.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. టాంకు మూతిదాకా నింపించి మీటరు అంకె రాసుకోవాలి. మళ్ళీ అదే బంకులో మూతిదాకా నింపించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడాలి. తిరిగిన కిలోమీటర్లని ఆ లీటర్లతో భాగిస్తే మైలేజీ. ఆ అంకె చూసి మా మరిది, "వదినా! నువ్వు బ్యాంకులో ఉండాల్సిన దానివి" అనేవాడు. నేను పొంగిపోయి ఇంకో కప్పు కాఫీ పోసేదాన్ని.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందురోజు మా మరిది ఒక రైతు ధాన్యం కల్లం నుంచి మెరకకి తోలుతున్నాడు. మా కారంచేడు వైపు గాలి సంగతి చెప్పాలా! పైన కప్పిన పాత బరకం చిరిగి ఎగిరిపోయింది. బస్తాలు తడిశాయి. నష్టం తనే కట్టుకున్నాడు. కట్టుకుని, "ఇక బండికి టాపు వేయించాల్సిందే" అన్నాడు.

"టాపు వేస్తే బరువు. బరువైతే డీజిలు తాగుతుంది" అన్నారు మావారు. ఆయన హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు.

"గిన్నె మీద మూత పెడితే గ్యాసు ఆదా అవుతుందా లేదా? బండికీ అంతే" అన్నాన్నేను. ఎంత గొప్పగా చెప్పానో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చీరాలలో ఇనుప కమ్మీలు వంచి, బరకం బిగించి టాపు కట్టించాడు. బస్తాలు ఎక్కువ పడతాయని డ్రైవరు కేబిన్ కంటే మూరెడు ఎత్తు పెట్టించాడు. చూడ్డానికి మా అమ్మమ్మగారింటి గూడుబండిలా ఉందని నేను మురిసిపోయాను.

మిరపకాయల సీజను వచ్చింది. పర్చూరు, చిలకలూరిపేట మీదుగా గుంటూరు యార్డుకి టిక్కీలు తోలడం మొదలైంది. అక్కడే మొదలైంది తంటా కూడా. లీటరుకి 15 కిలోమీటర్లు చూపించే నా పుస్తకం పదమూడున్నరకి దిగింది. లీటరు వంద రూపాయలకి దగ్గరపడ్డ రోజులు. ఒకసారైతే సరే, నాలుగుసార్లూ అంతే!

మావారు పుస్తకం తిరగేసి, కళ్ళజోడు తీసి, "డీజిలు టాంకులోకి పోతోందో, జేబులోకి పోతోందో" అన్నారు. మెల్లిగానే అన్నారు. కానీ మా మరిది అప్పుడే గడపలో చెప్పులు విడుస్తున్నాడు.

విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి బంకు రసీదులు పిల్లవాడి చేత పంపించేవాడు. తను రాలేదు, కాఫీ తాగలేదు. తండ్రి పోయాక ఆ తమ్ముణ్ణి వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళింది ఈయనే. అలాంటిది, ఒక్క మాటకి రెండిళ్ళ మధ్యా గోడ లేచింది. ఆ గోడకి ఇటుకలందించింది నా పుస్తకమే కదా అని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మూడోరోజు మధ్యాహ్నం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. చీరాల, స్వర్ణ, ఈ చుట్టుపక్కల తిరిగిన రోజుల్ని ఒకవైపు, గుంటూరు వెళ్ళిన రోజుల్ని ఒకవైపు విడదీసి రాశాను. చుట్టుపక్కల తిరిగినప్పుడు టాపుకి ముందూ పదమూడే, తర్వాతా ఇంచుమించు పదమూడే. తగ్గిందల్లా గుంటూరు దారిలోనే. జేబులో వేసుకునేవాడు గుంటూరు రోజే వేసుకుని, చీరాల రోజు మానేస్తాడా? మీరే చెప్పండి.

అప్పుడు గుర్తొచ్చింది. 1980లో, కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, ఇద్దరం చీరాల నుంచి రిక్షాలో ఓడరేవు సముద్రం చూడ్డానికి వెళ్ళాం. సగం దారిలో రిక్షా అతను, "అమ్మగారూ, టాపు దింపుతానండీ, ఎదురుగాలి పట్టి లాగేస్తోంది" అన్నాడు. ఎండగా ఉందని నేను ఒప్పుకోలేదు. పాపం, దిగి చేత్తో లాక్కుంటూ నడిచాడు.

సాయంత్రం మావారి దగ్గర కూర్చుని, "ఏవండీ, టాపెత్తిన రిక్షాని గాలి ఎందుకు ఆపుతుందండీ?" అన్నాను.

సైన్సు ప్రశ్న అడిగితే ఆయనకి ఉత్సాహం. "గాలికి ఎదురుపడే విస్తీర్ణం పెరిగితే నిరోధం పెరుగుతుంది. వేగం పెరిగితే ఇంకానూ. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు" అన్నారు.

"మరి బండి నలభైలో పోతే?"

"అప్పుడు గాలి సంగతి తక్కువ. ఆగడం, మళ్ళీ బయల్దేరడం, బరువు, టైర్లలో గాలి చాలకపోవడం, డీజిలుని ఇవే తింటాయి. అదే పేట దాటి పెద్ద రోడ్డెక్కి ఎనభైలో పోతే..." అంటూ ఆగిపోయారు.

నేను పుస్తకం ఆయన ముందుకి జరిపాను. రెండు వరుసలూ చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి చెప్పిన పాఠం, సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు ఆయనకి!

మర్నాడు తెల్లారకముందే మావారు వెళ్ళి బండిలో తమ్ముడి పక్కన కూర్చున్నారు. ఎందుకని అతనూ అడగలేదు, ఇందుకని ఈయనా చెప్పలేదు. అదే టాపు, అంతే సరుకు, అదే గుంటూరు. కాకపోతే యాభై దాటనివ్వలేదు. సాయంత్రం మూతిదాకా నింపించి లెక్కేస్తే పద్నాలుగున్నర!

తర్వాత మావారు వివరంగా చెప్పారు. గిన్నె మీద మూత వేడిని పోనివ్వదు కాబట్టి గ్యాసు మిగులుతుంది. బండి మీద మూత పని అది కాదు, గాలిని దాటించడం. టాపు లేని తొట్టిలోనూ గాలి సుడి తిరుగుతూ ఉంటుందట. వెనక తలుపు మూసి ఉంటే ఆ సుడి దిండులా నిలిచి, పై గాలిని సాఫీగా పోనిస్తుందట. తలుపు దించి తోలితే డీజిలు కలిసొస్తుందనుకోవడం ఉత్త భ్రమ. టాపు కేబిన్ ఎత్తుకి సమంగా ఉంటే లాభమైనా నష్టమైనా స్వల్పమే. దాన్ని మించి లేస్తేనూ, బరకం వదులై టపటపా కొట్టుకుంటేనూ ఇంజనుకి శ్రమ.

మళ్ళీ చీరాల వెళ్ళి కమ్మీలు కేబిన్ ఎత్తుకి దింపించారు. ముందువైపు కాస్త ఏటవాలు పెట్టించారు. ఇప్పుడు పెద్ద రోడ్డు మీద కూడా పుస్తకం పాత అంకెకి కాస్త అటూ ఇటూగా చూపిస్తోంది. అక్కడికీ పావు కిలోమీటరు తగ్గితే తగ్గనీ, తడవని బస్తాల ముందు అదెంత!

క్షమించమని మావారు అనలేదు. అన్నదమ్ముల మధ్య ఆ మాటలు పలకవేమో. కొత్త బరకం తాడు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస తమ్ముడు లాగి బిగించాడు. తర్వాత ఆయన నావైపు తిరిగి, "ఏమోయ్, వాడికి కాఫీ ఇవ్వవూ?" అన్నారు.

"చక్కెర తగ్గించు వదినా" అంటూ మా మరిది చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

ఆ రాత్రి ఆ రోజు డీజిలు రాసి పుస్తకం మూయబోతుంటే ఓడరేవు ప్రయాణమే మనసులో మెదిలింది. టాపు దింపనివ్వకపోగా, దిగాక ఆ రిక్షా అతనితో అర్ధరూపాయి దగ్గర బేరమాడాన్నేను. అది ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, అయినా మరుపు రావడం లేదు.