ఒక మైనస్ గుర్తు కోసం

దూరం కొలిచే పైథాగరస్ సూత్రంలో అన్నీ కూడికలే. 1908లో గణితవేత్త మిన్‌కోవ్‌స్కీ ఆ లెక్కలోకి కాలాన్నీ తెచ్చాడు, కానీ గుర్తు మార్చి. స్థలానికి మూడు ప్లస్‌లు, కాలానికి ఒక మైనస్. ఏ కబురూ కాంతిని మించి పరుగెత్తలేకపోవడం, కారణానికీ ఫలితానికీ వరస ఉండటం ఆ మైనస్ చలవే.

మరి ఆ మైనస్ మొదటినుంచీ ఉందా? ఈ ప్రశ్న నన్ను వదలదు.

లేదేమో అన్నారు 1983లో భౌతిక శాస్త్రవేత్తలు హార్టిల్, హాకింగ్. వాళ్ల ఊహలో విశ్వం తొలి అంచున నాలుగూ ప్లస్‌లే. కాలం కూడా మరో దిక్కు మాత్రమే. అంతకుముందు ఏముందని అడగటం దక్షిణ ధ్రువానికి దక్షిణాన ఏముందని అడగటమే. మరుసటి ఏడాది సోవియట్ భౌతిక శాస్త్రవేత్త సఖరోవ్ ఒకటికి మించి కాలాలున్న ప్రాంతాలనూ లెక్కలోకి తెచ్చాడు. అప్పుడాయన గోర్కీ నగరంలో నిర్బంధంలో ఉన్నాడు! ఊరు దాటనివ్వని ప్రభుత్వానికి ఆ ఊహ ఎక్కడిదాకా పోయిందో తెలిసే ఉంటుందా?

చిక్కల్లా అన్నీ ప్లస్‌లున్న ప్రాంతం మన మైనస్ ప్రాంతాన్ని కలిసే సరిహద్దు దగ్గరే. ప్లస్ మైనస్‌గా మారాలంటే సున్నాను దాటాలి, లేదా ఒక్కసారిగా దూకాలి. సున్నా దగ్గర మెట్రిక్‌కు, అంటే ఈ దూరపు లెక్కను రాసే పట్టికకు, విలోమం ఉండదు, ఐన్‌స్టీన్ సమీకరణాలు మామూలు రూపంలో నిలవవు. 1992లో ఎల్లిస్ బృందం క్వాంటమ్ సాయం లేకుండానే ఈ మార్పు సాధ్యమంది. అతుకు దగ్గర ఏ షరతులు పెట్టాలన్నదానిపై మిగతావాళ్లు తగవు పడ్డారు. నాకు ఆ తగవే అసలు కథలా తోస్తుంది.

తొలి ఊహకూ తగవు తప్పలేదు. 2017లో టురోక్, ఆయన సహచరులు హార్టిల్–హాకింగ్ లెక్కలో స్థలకాలపు చిన్న అలజడులు అదుపు తప్పుతాయన్నారు. హార్టిల్ బృందం ఒప్పుకోలేదు. వాదం ఇంకా తెగలేదు.