శాకాహారంలో శాకమెంత?

కొవ్వు అనే మాటకు మన భాషలో రెండర్థాలు. ఒకటి దేహంలోని మేదస్సు, రెండవది మదం. ఈ రెండింటికీ ఒక పోలిక ఉన్నది: ఉన్నవానికి తనకున్నదని తెలియదు. రక్తంలోని కొవ్వు నొప్పి పుట్టించదు, జ్వరం తెప్పించదు. తెలిసేనాటికి ఒక్కొక్కప్పుడు సమయం మించిపోతుంది.

మా తమ్ముని విషయంలో అదే జరిగింది. 54వ ఏట గుండెపోటుతో వెళ్ళిపోయాడు. పరామర్శకు వచ్చిన వారంతా ఒకే మాట అన్నారు: “గుడ్డయినా ముట్టని మనిషి, అతనికిదేమిటండీ?” ఆ ప్రశ్న చాలాకాలం నన్ను వెంటాడింది.

శాకాహారి అంటే శాకములు ఆహారముగా గలవాడు. వాడుకలో అది మాంసం తిననివాడు అనే అర్థానికి కుదించుకుపోయింది. మన భోజనం చూడండి. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసుతోనో చారుతోనో ఒకసారి, పెరుగుతో మరొకసారి అన్నం కలుపుకుంటాం. నాలుగు మార్లూ అన్నమే. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అన్నం విశేష్యం, కూర విశేషణం. నిజానికి మనం అన్నాహారులం.

రక్తంలోని కొవ్వు తిన్న కొవ్వు నుండి మాత్రమే రాదు. కొలెస్టరాల్‌లో అధికభాగం దేహమే తయారు చేసుకుంటుంది. అవసరానికి మించిన పిండిపదార్థాన్నీ చక్కెరనూ కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే ఫలితాలు 2014లో వెలువడ్డాయి. నూటికి 72 మందికి మంచి కొలెస్టరాల్ తక్కువ, దాదాపు 30 మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ. మొత్తం కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు 14 మందే.

మరి కాయగూరలు చేసే మేలేమిటి? బెండకాయలోని జిగురు, చిక్కుడులోను జామలోను ఉండే కరిగే పీచు ప్రేగులో పైత్యరసపు ఆమ్లాలను పట్టుకొని బయటికి తీసుకుపోతాయి. ఆ లోటు పూడ్చుకొనడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను లాగి కొత్త ఆమ్లాలు చేసుకుంటుంది. ఇది ఒక మేలు. విస్తరిలో కూర పెరిగితే అన్నం తగ్గుతుంది, ఇది రెండవది. అన్నం తగ్గించకుండా కూరను నూనెలో వేపుకొని తింటే రెండవ మేలు దక్కదు. పండును పిండి రసం తాగితే పీచులో చాలాభాగం పిప్పితో పోతుంది, చక్కెర మిగులుతుంది.

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలలో, రోజుకు 2000 కిలోకాలరీల భోజనానికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 250 గ్రాముల ధాన్యం అని ఉన్నది. అది చదివి మా శ్రీమతి తక్కెడ తీసింది. మా ఇద్దరికీ కలిపి రోజుకు వండుతున్న కూరగాయలు అరకిలోకు తక్కువే, అందులో సగం బంగాళాదుంప! అది పేరుకు కూరగాయే గాని గుణంలో పిండిపదార్థం. నాటినుండి మా ఇంట విశేష్య విశేషణాలు తారుమారయ్యాయి: గరిటెడు అన్నం, గిన్నెడు కూర. ఆరు నెలలకు నా ట్రైగ్లిజరైడ్లు 248 నుండి 171కి దిగాయి. చెడ్డ కొలెస్టరాల్ మాత్రం స్వల్పంగానే తగ్గింది. దానికి వైద్యుడిచ్చిన మాత్ర వేసుకుంటూనే ఉన్నాను.

ఇది విని లెక్కల మాస్టారొకరు, నా చిరకాల మిత్రులు, ఉత్సాహపడ్డారు. “అయితే పంతులుగారూ, కూరలు పెంచి మాత్రలు మానేస్తాను” అన్నారు. ఆయన గుండెకు స్టెంటు వేసి రెండేళ్ళయింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాణ్ణి, ఊరుకోలేకపోయాను. ఆయన భాషలోనే అంకెలు చెప్పాను. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 2003లో 46 మందితో ఒక ప్రయోగం చేసింది. అందులో కొందరికి నాలుగు వారాలపాటు బెండ, వంకాయ, బార్లీ, బాదం, సోయా, వృక్షజన్య స్టెరాల్ కలిపిన భోజనం పెట్టారు. వారి చెడ్డ కొలెస్టరాల్ సుమారు 29 శాతం తగ్గింది. లోవాస్టాటిన్ మాత్ర తీసుకున్నవారికి 31 శాతం. అదే భోజనాన్ని ఇళ్ళలో తమంతట తాము ఏడాదిపాటు పాటించవలసి వచ్చినప్పుడు సగటు తగ్గుదల 13 శాతమే అని 2006లో ఆ బృందమే చెప్పింది.

మాస్టారు కాసేపు ఆలోచించి, “ఇరవైతొమ్మిది ప్రయోగశాలది, పదమూడు మన వంటింటిది. మాత్ర ఉండవలసిందే” అన్నారు.

పథము నుండి తొలగనిది పథ్యమని వైయాకరణుల వ్యుత్పత్తి. జబ్బు చేసినప్పుడు నాలుగు రోజులు నాలుకను కట్టివేయడమే పథ్యమని మనం అనుకుంటాం. దారి అన్నాక రోజూ నడవాలి. చదువరులారా, రేపు భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్కమారు విస్తరి వంక చూచుకోండి. శాకాహారులమని చెప్పుకునే మన విస్తరిలో శాకమెంత?

స్వస్తి.