ప్రతిగ్రహమా? పూర్తమా?



మన ధర్మశాస్త్రములు సత్కర్మలను ఇష్టము, పూర్తము అని రెండు విధములుగా చెప్పినవి. అగ్నిహోత్రము, యజ్ఞయాగాదులు ఇష్టములు. చెరువులు, బావులు త్రవ్వించుట, దేవాలయములు కట్టించుట, అన్నసత్రములు నడుపుట పూర్తములు. ఈ రెండవదానిని గురించి గత సంవత్సరము మా ఇంట ఒక దీర్ఘమైన వాదము జరిగినది. దానికి కారణము శాస్త్రాభిమానము కాదు. మా మేనమామగారి కుడికాలు.

ఆయనకు 71 సంవత్సరములు. పెద్దాపురమునకు సమీపమున ఒక చిన్న ఆలయములో నలభై ఏండ్లు అర్చకత్వము చేసినారు. మధుమేహము చాలాకాలముగా ఉన్నది. ఆషాఢమాసములో, ఊరంతా మరిడమ్మ తల్లి జాతర సందడిలో ఉండగా, ఆయన కాలివ్రేలు ఒకటి నల్లబడినది. కాకినాడలో డాప్లర్ పరీక్ష చేయించితిమి. మోకాలి దిగువన రక్తనాళములు పూడుకొనిపోయినవని తేలినది. శస్త్రవైద్యుడు మోకాలి క్రింది భాగమును తొలగించవలసి వచ్చునన్నారు. అక్కడనే ఉన్న ఒక యువవైద్యుడు మాత్రము, "ముందు ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుకు ఒకసారి చూపించండి. నాళం తెరుచుకుంటే పాదం దక్కవచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి" అని సలహా ఇచ్చినారు.

ఈ వైద్యశాఖ పేరు చాలామందికి క్రొత్త. ఎక్స్‌రే తెరపై నాళముల ఛాయను చూచుచు, తొడ వద్ద ఒక సూదిరంధ్రము ద్వారా సన్నని తీగను పంపి, పూడిన చోట చిన్న బెలూనును ఉబ్బించి రక్తమునకు దారి చేయు వైద్యులు వీరు. 1953లో స్వీడన్ దేశీయుడైన సెల్డింగర్ ఈ సూది-తీగ పద్ధతిని కనుగొనెను. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అను వైద్యుడు, కాలు తీయించుకొనుటకు అంగీకరింపని 82 ఏండ్ల వృద్ధురాలికి ఈ మార్గముననే కాలి నాళమును తెరచెను. ఆమె తన పాదములపైననే నడచుచు మరి రెండేండ్లకు పైగా జీవించినది. కఠోపనిషత్తు హృదయమునుండి బయలుదేరు నూటయొక్క నాడులను గూర్చి చెప్పినది. అవి సూక్ష్మనాడులు, ఇవి స్థూలనాళములు. రెండింటినీ ఒకటిగా కలుపరాదు. అయినను లోపలి మార్గము మూసికొనిపోయినపుడు బయటి అవయవము ఎట్లు నశించునో ఆ తెరపై చూచినవారికి బోధపడును.

చికిత్స ఖర్చు మా శక్తికి మించినది. ఆయనకు ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నది. ఆ మాట ఎత్తగానే మామయ్యగారు ముఖము త్రిప్పుకొన్నారు. "ఒరేయ్ అబ్బాయీ! స్వామి కైంకర్యానికి వచ్చినది తప్ప ఇన్నేళ్ళూ ఒకరి ముందు చేయి చాపలేదు. ఇప్పుడు ఈ కాలి కోసం చాపమంటావా? ప్రతిగ్రహం ఊరికే పోదురా, తపస్సును తినేస్తుంది" అన్నారు.

ఆ మాటను చాదస్తమని త్రోసివేయుటకు నాకు మనస్సు రాలేదు. ప్రతిగ్రహదోషమును గూర్చి స్మృతులు చెప్పినది ఆయన జీవితమంతా ఆచరించినారు. కాబట్టి శాస్త్రముతోనే సమాధానము చెప్పవలసి వచ్చినది.

నిబంధకారులు దానమునకు, ఉత్సర్గమునకు భేదము చెప్పినారు. దానములో ఇచ్చువాడు ఉన్నాడు, పుచ్చుకొనువాడు ఉన్నాడు; ఆ పుచ్చుకొనుటయే ప్రతిగ్రహము. చెరువు త్రవ్వించినవాడు దానిని ఎవరికో ఒకరికి ఇచ్చుట లేదు. సర్వభూతములకొరకు తన స్వత్వమును విడిచిపెట్టుచున్నాడు. అందులో ప్రత్యేకించి పుచ్చుకొనువాడెవడును లేడు. అందుచేతనే చెరువు నీరు త్రాగిన బాటసారికి ప్రతిగ్రహదోషము లేదు. త్రవ్వించినవాడు సైతము ఆ నీటిని వాడుకొనవచ్చును.

"వత్సవాయివారి మహారాణి బుచ్చి సీతయమ్మగారి పేరు మన ఊరి కళాశాలకు ఇంకా ఉన్నది కదా, మామయ్యా! అందులో చదివిన పిల్లలందరూ ప్రతిగ్రహీతలేనా?" అని అడిగితిని.

ఆయన చాలాసేపు మౌనముగా ఉన్నారు. "అది రాణిగారు తన సొత్తు విడిచిపెట్టినది. ఇది ఎవరి సొత్తు?" అన్నారు.

"అందరిదీను. మీరు కొన్న హారతి కర్పూరము మీది పన్ను కూడ ఈ చెరువులోనే పడినది" అంటిని.

మరునాడు ఉదయము సంధ్యావందనము ముగించి, "పద" అన్నారు.

ఇక అన్వేషణ ఆరంభమైనది. గీత నాలుగవ అధ్యాయములో భగవానుడు జ్ఞానమును పొందుటకు ప్రణిపాతము, పరిప్రశ్న, సేవ అను మూడింటిని చెప్పెను. పరిప్రశ్న యనగా ఊరక అడుగుట కాదు. విషయమును అన్ని వైపులనుండి చుట్టి అడుగుట. దాని విలువ నాకు ఆసుపత్రి గుమ్మములయొద్ద తెలిసినది.

మొదటి ఆసుపత్రిలో "కార్డు తీసుకొంటారా?" అని అడిగితిమి. "తీసుకొంటాము" అన్నారు. లోనికి వెళ్ళిన పిమ్మట, కార్డుపై అక్కడ జరుగునది కాలు తొలగించు శస్త్రచికిత్స మాత్రమే అని తెలిసినది. రేడియాలజిస్టు వేరొక ఊరినుండి పిలిచినపుడు వచ్చువారు. వారికి రొక్కము చెల్లించవలెను. రెండవచోట క్యాథ్‌ల్యాబ్ ఉన్నది, కార్డు ఉన్నది. కాని అది హృదయనాళములకే గాని కాలి నాళములకు కాదు. ఎవరును అబద్ధము చెప్పలేదు. మా ప్రశ్నయే అసంపూర్ణము.

పథకము నడచు తీరు తెలిసిన తరువాత విషయము స్పష్టమైనది. 2007లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమైన ఈ పథకము పేరు మారుచు నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడచుచున్నది. ఇందులో గుర్తింపు పొందునది ఆసుపత్రి, వైద్యుడు కాదు. అదియును ఒక్కొక్క వైద్యశాఖకు వేరువేరుగా. చికిత్సలకు ఒక జాబితా, ప్రతి చికిత్సకు ఒక ధర ఉన్నవి. ఆసుపత్రివారు పరీక్షల చిత్రములను పంపి ముందుగా అనుమతి పొందవలెను. నైపుణ్యము వ్యక్తిలో ఉన్నది, అనుమతి సంస్థకు ఉన్నది. ఈ రెండును ఒకే కప్పు క్రింద కలిసిన చోటును మనము వెదకవలెను.

అందుచేత 104కు ఫోన్ చేసి, ఆసుపత్రులలోని సహాయకుల యొద్దకు పోయి, ఈ విధముగా అడుగసాగితిమి: ఈ చికిత్స జాబితాలో ఉన్నదా? ఈ ఆసుపత్రికి ఆ శాఖలో గుర్తింపు ఉన్నదా? చేయువైద్యుడు ఇక్కడ నిత్యము ఉండునా, పిలిచినపుడు వచ్చునా? మోకాలి దిగువ నాళములను ఆయన చేయునా? బెలూను, స్టెంటు ధరలు ప్యాకేజీలో చేరినవా, విడిగా చెల్లించవలెనా?

ఐదు ప్రశ్నలకును సరియైన సమాధానము విశాఖపట్నములో దొరికినది. సామర్లకోటలో రైలెక్కి వెళ్ళితిమి. అనుమతి వచ్చినది, నాళము తెరచుకొన్నది. నల్లబడిన వ్రేలు పోయినది, పాదము నిలిచినది. పుండు మానుటకు నెలలు పట్టినది.

ఆ వైద్యుని చూచినపుడు నాకు తోచిన మాట ఒకటి ఉన్నది. రొక్కము చెల్లించువారు ఎదురుచూచుచుండగా నిర్ణీతధరకే ఈ పని చేయుట కూడ ఒక యజ్ఞమే. రాజ్యము త్రవ్విన చెరువులోనికి ఆయన తన శ్రమను ధారపోయుచున్నాడు. అట్టివారు అరుదుగా ఉండుటకు వారి లోభమే కారణమనుట న్యాయము కాదు. ఈ విద్య నేర్చినవారే కొద్దిమంది. దానికి కావలసిన యంత్రములు పెద్ద నగరములలోనే ఎక్కువ. పైగా బకాయిలు పేరుకొని, ఆసుపత్రులు ఈ సేవలను నిలిపివేసిన సందర్భములు మన రాష్ట్రములో పలుమార్లు వచ్చినవి. పూడిక తీయని చెరువులో నీరు నిలువదు. జీర్ణోద్ధరణ కూడ పూర్తధర్మమే. క్రొత్త పేరు పెట్టుటకన్న పాత పూడిక తీయుట పాలకులకు శ్రేయస్కరము. దానిని అడుగుట మనకు ధర్మము.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఇట్టి కష్టము వచ్చినను మామయ్యగారి అరుగు దగ్గరకే వచ్చుచున్నారు. ఆయన ఐదు ప్రశ్నలను కాగితముపై వ్రాసి ఇచ్చుచున్నారు. "కార్డు వాడుకోవడానికి సిగ్గుపడకు. వాడుకొన్నవాడు మరొకడికి దారి చూపకపోతే అప్పుడు సిగ్గుపడు" అని చెప్పి పంపుచున్నారు. ప్రణిపాతము, పరిప్రశ్నల తరువాత భగవానుడు చెప్పిన మూడవది సేవ కదా!

శ్రీకృష్ణార్పణమస్తు.