కప్పు మీద నీలం

మన సంచికలో అక్కలందరూ చదువు గురించి, ఉద్యోగం గురించి, అమ్మ గురించి రాస్తారు. నేను పింగాణీ కప్పు గురించి రాస్తున్నాను. నవ్వుకున్నా ఫర్వాలేదు గానీ చివరిదాకా చదవండి. మీలో ఒక్కరికైనా పనికొస్తుందని నా ఆశ.

2011 నుంచి 2017 దాకా, ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు, నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. 2024లో కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాను. ఇప్పుడు జూనియర్ లెక్చరర్ పరీక్షకు చదువుకుంటూ, మా ఊళ్ళో ఇంటి దగ్గరే మగ్గుల మీద, స్టీలు టంబ్లర్ల మీద బొమ్మలు, పేర్లు అచ్చు వేస్తున్నాను. దీన్ని సబ్లిమేషన్ ప్రింటింగ్ అంటారు.

సబ్లిమేషన్ అంటే మనకు కొత్త మాటేమీ కాదు. సైన్సు పుస్తకంలో చదువుకున్న ఉత్పతనమే. ట్రంకుపెట్టెలో బట్టల మధ్య వేసిన కలరా ఉండ కరిగి నీరు కాకుండానే రోజురోజుకూ చిన్నదైపోవడం అందరం చూసిందే. ఈ ఇంకులో ఉండే రంగులూ అలాంటివే. వీటిని డిస్పర్స్ డైలు అంటారు. 1920లలో అసిటేట్ సిల్కు కోసం తయారుచేసిన రంగులు ఇవి. ఆ తర్వాత 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలిస్టర్ దారానికి పేటెంటు తీసుకున్నారు. దానికీ ఈ రంగులే బాగా అతికాయి. 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగితం మీది రంగు ఆవిరై లేస్తుంది. ఎదురుగా పాలిస్టర్ ఉంటే అందులోకి దూరుతుంది. వేడికి పాలిస్టర్ గొలుసులు కాస్త వదులై దారిస్తాయి, చల్లారగానే బిగుసుకుంటాయి. రంగు లోపలే చిక్కుకుపోతుంది. అందుకే అచ్చయిన మగ్గును చేత్తో తడిమితే బొమ్మ వేళ్ళకు తగలదు.

ఇంతవరకు అర్థమైతే ఈ పనిలో సగం అర్థమైనట్టే. మామూలు పింగాణీ కప్పు పైన ఉండేది గాజులాంటి పూత. దానిలోకి రంగు పోదు. మన స్టీలు గ్లాసులోకీ పోదు. నూలు గుడ్డ మీద వేస్తే రెండు ఉతుకులకు వెలిసిపోతుంది. అదే కబడ్డీ జట్టు పిల్లలు వేసుకునే పాలిస్టర్ బనియన్ మీద వేస్తే చిరిగేదాకా ఉంటుంది. కాబట్టి పాలిస్టర్ కోటింగ్ వేసిన మగ్గులనే విడిగా కొనాలి. చూడటానికి రెండూ తెల్లగా ఒకేలా ఉంటాయి. ఇంకో సంగతి, ఈ ఇంకుల్లో తెలుపు ఉండదు. ఫొటోలో తెల్లచొక్కా ఉంటే అది మగ్గు తెలుపే. నల్లమగ్గు మీద అమ్మానాన్నల పెళ్ళి ఫొటో వేయమంటే కుదరదు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. అసలు ఎంత కావాలో ఎవరూ సరిగా చెప్పరు. అమ్మ పొదుపు సంఘంలో 25,000 రూపాయలు అప్పు తీసుకుంది. అందులో ట్యాంకు ప్రింటర్‌కు 12,500, మగ్ ప్రెస్సుకు 4,800, నాలుగు రంగుల ఇంకుకు 900, కాగితాలకు 300, వేడికి తట్టుకునే టేపుకు 100, ఒక పెట్టె మగ్గులకు, అంటే 36కి, 2,700 అయ్యాయి. మొత్తం 21,300. మిగిలిన 3,700 ఖర్చు పెట్టకుండా మొదటి రెండు నెలల కిస్తీ కోసం అమ్మ చేతికే ఇచ్చాను. కిస్తీ నెలకు 1,300. ఆర్డర్లు వచ్చినా రాకపోయినా సంఘంలో ఆ తేదీన కట్టాలి. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మందికీ మాటొస్తుంది. నేను ఆ అప్పును ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ప్రింటర్ విషయంలో ఒక మాట. ఇంకును వేడిచేసి చిమ్మే రకం ఈ పనికి రాదు. ఎప్సన్ ట్యాంకు ప్రింటర్లలా వేడి లేకుండా ఒత్తిడితో చిమ్మే రకం కావాలి. కొత్తది తెచ్చి, దానితో వచ్చిన మామూలు ఇంకు పొయ్యకుండా మొదటి నుంచీ సబ్లిమేషన్ ఇంకే పొయ్యాలి. అలా చేస్తే వారంటీ వదులుకున్నట్టే. ఆ ప్రింటర్ ఇక జిరాక్సులకు, హాల్ టికెట్లకు పనికిరాదు. మూడు రోజులకోసారి ఒక కాగితమైనా తీయకపోతే ఎండాకాలంలో ఇంకు ఎండి రంధ్రాలు మూసుకుంటాయి.

పని ఇలా ఉంటుంది. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చు తీయాలి. తెలుగు అక్షరాలు తిరగబడి ఉంటే చదవలేం కదా, అందుకని తిప్పకముందే తప్పొప్పులు చూసుకోవాలి. పాత సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అను ఫాంట్లలో టైపు చేసి బొమ్మగా మార్చుకుంటే ఆ బాధ ఉండదు. కాగితాన్ని మగ్గుకు బిగుతుగా చుట్టి టేపు వేస్తాను. కదిలితే బొమ్మ పక్కన నీడలా రెండో బొమ్మ వస్తుంది. ప్రెస్సు 190 చూపించాక మగ్గు పెడితే, చల్లటి మగ్గు కాబట్టి అంకె ఒక్కసారిగా కిందికి పడుతుంది. మళ్ళీ పైకి వచ్చినప్పటి నుంచి మూడు నిమిషాలు లెక్కపెడతాను. మా ఊళ్ళో సాయంత్రం కరెంటు మందంగా ఉంటుంది, అంకె ఎక్కడానికే చాలాసేపు పడుతుంది. అందుకే తెల్లవారుజామున చేస్తాను. ఆ నిశ్శబ్దం చదువుకోవడానికీ బాగుంటుంది. మూడు నిమిషాలకు ఒక బిట్టు ప్రశ్న. కిటికీ మాత్రం తెరిచే ఉంచుతాను, ఆ వాసన పీల్చడం మంచిది కాదు.

కోటింగ్ గురించి ఇంకో మాట. ప్రతి పెట్టెలోంచి రెండు మగ్గులు తీసి, అచ్చు వేసి, రాత్రంతా సబ్బునీళ్ళలో నానబెట్టి, పొద్దున పీచుతో గట్టిగా తోముతాను. ల్యాబులో నేర్చుకున్న అలవాటు ఇది. నగరంలో ఒక దుకాణం నుంచి తెచ్చిన పెట్టెలో ఆ రెండు మగ్గుల పూత ఉడికిన పల్లీ పొట్టులా లేచి వచ్చింది. తీసుకెళ్ళి చూపిస్తే, 'మీరే వేడి ఎక్కువ పెట్టారు' అన్నాడు దుకాణదారు. వేరే పెట్టె మగ్గు మీద అదే వేడి, అదే సమయం పెట్టి వేసింది కూడా సంచిలోంచి తీసి పక్కన పెట్టాను. కాసేపు చూసి, మారుమాట లేకుండా పెట్టె మార్చి ఇచ్చాడు. మనం గట్టిగా అరవలేకపోయినా చేతిలో రుజువు ఉంటే నిలబడగలం.

ఇక అసలు విషయానికి వస్తాను. 2025 ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి మా వాడ యువజన సంఘం వాళ్ళు 60 మగ్గులు కావాలన్నారు. పదో తరగతి పిల్లలకు, వాడలో పెద్దవాళ్ళకు ఇవ్వడానికి. నాకు అంతవరకు వచ్చినవన్నీ పుట్టినరోజు మగ్గులు, ఒకటీ రెండూ. ఇది మొదటి పెద్ద ఆర్డరు.

మొదటి ఇబ్బంది నీలం రంగు. కంప్యూటర్‌లో ముచ్చటగా ఉన్న నీలం మగ్గు మీద ఊదారంగుగా దిగింది. ఈ పనిలో అందరికీ ఎదురయ్యేదే ఇది. తెర మీద రంగు వెలుతురుతో పుడుతుంది. మగ్గు మీద నీలం పుట్టాలంటే సయాన్, మెజెంటా అనే రెండు ఇంకులు కలవాలి. మెజెంటా కొంచెం ఎక్కువైతే ఊదా అవుతుంది. పైగా వేడి తగిలాక గానీ రంగు తన అసలు రూపం చూపించదు. ప్రెస్సులో పెట్టకముందు కాగితం మీద అంతా వెలిసిపోయినట్టే ఉంటుంది. ఇంకు అమ్మేవాళ్ళు ఇచ్చే కలర్ ప్రొఫైల్ ఫైలు వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. నాకు చాలావరకు చాలదు. ఊదా కోటు వేసుకున్న బాబాసాహెబ్‌ను మా వాడకు ఎలా పంపను? ఒక కాగితం మీద 40 చిన్న గళ్ళు గీసి, ఒక్కో గడిలో మెజెంటాను కొద్దికొద్దిగా తగ్గిస్తూ 40 నీలాలు వేసి, గడి గడికీ అంకె ఇచ్చి, ఒకే మగ్గు చుట్టూ చుట్టి ప్రెస్సులో పెట్టాను. తీసి చూస్తే 27వ గడిలో ఉంది మా జెండా నీలం. ఆ మగ్గు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, పెన్నులు పెట్టుకుంటాను.

రెండో ఇబ్బంది మనుషులది. సంఘంలో ఒక పెద్దన్న అడ్డం చెప్పాడు. "నోటికి పెట్టుకునే ఎంగిలి కప్పు మీద ఆయన బొమ్మ ఎట్ల ఏస్తరు? గోడ మీద ఉండాలె గని" అన్నాడు. కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. రెండు రోజులు వాదులాట. నాకు ఇద్దరి మాటా అర్థమైంది గానీ, ఎంగిలి అనే మాటతో మనల్ని ఎంత దూరం పెట్టారో తెలిసి మనమే ఆ మాట పట్టుకోవడం నాకు నచ్చలేదు. ఆ సంగతి పెద్దన్న ముందు అనలేదు. మగ్గు, స్కేలు తీసుకెళ్ళి చూపించాను. మగ్గు ఎత్తు దాదాపు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. పైఅంచు దగ్గర, అడుగు దగ్గర ప్రెస్సు వేడి సమంగా అందదు, అక్కడ బొమ్మ మసకబారుతుంది. కాబట్టి ఎలాగూ పైన కిందా కొంత వదిలి, ఏడు సెంటీమీటర్ల బొమ్మే వేస్తాను. పెదవి ఆనే చోట బొమ్మే ఉండదు. పెద్దన్న స్కేలు తీసుకుని తనే కొలిచి, సరే కానీయమన్నాడు.

మగ్గుకు 75, కాగితం ఇంకు టేపుకు 8, కరెంటుకు 2, ఆటో ఖర్చు పంచితే 5, మొత్తం 90 పడింది. 140కి ఇచ్చాను. మగ్గుకు 50 చొప్పున 3,000. పగిలినవి, రంగు చూడటానికి వాడినవి నాలుగు, వాటికి 360 తీసేస్తే 2,640. పని రెండు రోజుల్లో పది గంటలు పట్టింది. రెండు నెలల కిస్తీ వెళ్ళిపోయి నలభై రూపాయలు మిగిలాయి. నాన్న సుతారి మేస్త్రీ. మిషన్ తెచ్చిన రోజున "ఇంత సదువు సదివి గిలాసల మీద బొమ్మలేస్తవా బిడ్డా" అని బాధపడ్డాడు. ఆ రోజు లెక్క పుస్తకం చదివి వినిపిస్తే, "మాల్ ఖర్చు పోంగ గంటకు రెండువందల అరువై అన్నట్టు" అని తనే లెక్కగట్టాడు. ఉద్యోగం రావాలన్న కోరిక మాత్రం ఆయనకు పోలేదు, నాకూ పోలేదు.

మా తాత సంగతి రాయకుండా ఉండలేను. జయంతి రోజు సాయంత్రం ఆయనకు ఒక మగ్గులో చాయ పోసి ఇచ్చాను. తాగకుండా తిప్పి తిప్పి చూశాడు. "మా కాలంల హోటల్ల మన గిలాస అలగ్ ఉండేది బిడ్డా. చూరుకు పెట్టేది. మనమే తీసుకోవాలె, తాగి కడిగి మల్ల ఆడ్నే బోర్లించాలె" అన్నాడు. రెండు గ్లాసుల పద్ధతి గురించి నేను పుస్తకాల్లో చదివాను, మీటింగుల్లో విన్నాను. మా ఇంట్లో మనిషి నోటి నుంచి వినడం అదే మొదటిసారి. ఇరవై మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత ఆయన అడిగింది ఒక్కటే. "ఇది ఎవలకన్న ఇయ్యొచ్చా? ఎవలన్న తాగుతరా దీంట్ల?" ఎవరైనా తాగొచ్చు తాతా అన్నాను. చాయ అప్పటికే చల్లారింది, అలాగే తాగాడు.

స్టీలు టంబ్లర్ల గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. పైనుంచి కిందికి ఒకే లావున్న కోటింగ్ టంబ్లర్ అయితే దాని సైజుకు తగిన ప్రెస్సులో పెట్టొచ్చు. మూత, రబ్బరు ముందే తీసెయ్యాలి. అడుగు సన్నగా ఉండే రకానికి కాగితం సరిగా కూర్చోదు. దానికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగు, ఓవెన్ కావాలి. అప్పు తీరేదాకా నేను ఓవెన్ జోలికి పోను. టంబ్లర్ ఖరీదు ఎక్కువ, ఒకటి పాడైతే నాలుగు మగ్గుల లాభం పోయినట్టే. మొదలుపెట్టేవాళ్ళు మగ్గులతోనే మొదలుపెట్టండి. అచ్చయ్యాక ఎండలో పెట్టకండి, రంగు వెలుస్తుంది. స్టీలు పీచుతో తోమకండి.

మన పూర్వ విద్యార్థినుల సమావేశానికి అందరి పేర్లతో మగ్గులు చేయమని కమిటీ అక్కలు అడిగారు. అసలు ఖర్చుకే చేస్తాను. మనకు అన్నం వండిపెట్టిన ఆయమ్మల పేర్లు జాబితాలో ముందు రాయండి. ఇంటిపేరు, ఒత్తులు, దీర్ఘాలు సరిచూసి, వేరొకరితో కూడా చదివించి పంపండి. అచ్చయ్యాక దిద్దడానికి వీలుండదు, రంగు లోపలికి వెళ్ళిపోతుంది.