చిప్స్ ఊళ్లో ఒక చలికాలం

ఇంగ్లండ్‌లో నేను మొదట మోసపోయింది ఆకుపచ్చ రంగు చూసి.

2022 నవంబరు. ఆన్‌సైట్ ప్రాజెక్టు మీద లెస్టర్‌లో దిగాను. (స్పెల్లింగ్ చూసి ‘లైసెస్టర్’ అని చదివితే ట్యాక్సీ డ్రైవర్ నవ్వాడు. మీరు చదవకండి.) సూట్‌కేస్ రూమ్‌లో పడేసి, ఆకలికి పక్క షాపుకి పరుగెత్తా. పసుపు సూర్యుడు, దాని మీద ఎర్ర రిబ్బను... అరే, మన లేస్! పేరు మాత్రం ‘వాకర్స్’ అని ఉంది. పచ్చ ప్యాకెట్ తీసుకున్నా. మన దగ్గర పచ్చ అంటే క్రీమ్ అండ్ ఆనియన్ కదా!

రూమ్‌కొచ్చి నాలుగు ముక్కలు ఒకేసారి నోట్లో వేసుకున్నా. వెనిగర్! రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయాయి.

తప్పు నాదే, చదవకుండా కొన్నా. వాకర్స్‌లో పచ్చ అంటే ఉప్పు-వెనిగర్, నీలం అంటే చీజ్-ఉల్లి. తమాషా ఏంటంటే, ఇక్కడ చాలా ఇతర కంపెనీల ప్యాకెట్లలో ఇది సరిగ్గా తిరగేసి ఉంటుంది. వాటిలో పచ్చే ఉల్లి. ఇంకో విషయం, వీటిని ఇక్కడ చిప్స్ అనరు, ‘క్రిస్ప్స్’ అంటారు. చిప్స్ అడిగితే వేడివేడిగా లావుపాటి బంగాళాదుంప ముక్కలు వేయించి ఇస్తారు. నేను మాత్రం ఇందులో చిప్స్ అనే రాస్తా. నాలుక తిరగాలి కదా.

మాంసం దొరక్క పుట్టిన చిప్స్

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంట పైచిలుకులో లెస్టర్. టూరిస్టులు ఎక్కువగా మూడో రిచర్డ్ రాజు కోసం వస్తారు. 2012లో ఒక కార్ పార్కింగ్ కింద ఆయన అస్థిపంజరం దొరికింది, 2015లో ఇక్కడి కెథడ్రల్‌లో మళ్లీ సమాధి చేశారు. నన్ను అడిగితే మాత్రం ఈ ఊరికి అసలు రాజు బంగాళాదుంప.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా బ్రిటన్‌లో మాంసం మీద రేషన్ ఎత్తలేదు. 1954 దాకా నడిచింది. లెస్టర్‌లో వాకర్ అనే కుటుంబం పేరుతో ఒక మాంసం వ్యాపారం ఉండేది. అమ్ముదామంటే సరుకు లేదు, పనివాళ్లు ఖాళీ. దాంతో 1948లో బంగాళాదుంపల మీద పడ్డారు. మొదట్లో చేత్తోనే తరిగి, చేపలు వేయించే పొయ్యి మీదే వేయించి అమ్మారట. 1989లో ఆ కంపెనీ పెప్సికో చేతికొచ్చింది. లేస్‌కీ దీనికీ ఒకే సూర్యుడు ఎందుకు ఉన్నాడో ఇప్పుడు అర్థమైంది కదా. ఇప్పటికీ ఊరి చివర బోమాంట్ లీస్ వైపు పెద్ద ఫ్యాక్టరీ ఉంది. ఈ చిప్స్ యాడ్స్‌లో ఏళ్ల తరబడి కనిపించిన ఫుట్‌బాలర్ గ్యారీ లినేకర్‌ది ఈ ఊరే. వాళ్ల నాన్న ఇక్కడి మార్కెట్‌లో కూరగాయల కొట్టు నడిపేవాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మాది తాడేపల్లిగూడెం. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీల్లో ఉల్లిపాయలు దిగే ఊరు. నాన్న ఉల్లి కొట్లో గుమాస్తా. ముప్పై ఏళ్లుగా ఆయన చొక్కాకి ఒకటే వాసన.

ఉల్లి వాసన, ఒక్క పౌండు

డిసెంబరులో లెస్టర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు. ఆఫీసులో మధ్యాహ్నం అందరూ ‘మీల్ డీల్’ తెచ్చుకుంటారు: ఒక శాండ్‌విచ్, ఒక చిప్స్ ప్యాకెట్, ఒక డ్రింక్. ఎవరి డెస్క్ దగ్గర వాళ్లు, మానిటర్ చూస్తూ తినేస్తారు. భోజనానికి కూడా కలిసి కూర్చోరేంట్రా అనుకునేవాణ్ని. నెల తిరిగేసరికి నేనూ అంతే.

సాయంత్రం నార్‌బరో రోడ్డు దగ్గర నా రూమ్‌కి వచ్చేసరికి చీకటి. హీటర్ వేసి, జాకెట్ విప్పకుండానే చీజ్-ఉల్లి ప్యాకెట్ చింపేవాణ్ని. చింపగానే ఆ వాసన. చీజ్ సంగతి వదిలేయండి, నాకు ఉల్లి ఒక్కటే తెలిసేది. కొట్టు కట్టేసి నాన్న సైకిల్ స్టాండ్ వేస్తున్నట్టు ఉండేది. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

నెల రోజులకి ప్యాంటు బిగుసుకుంది. సరే, ఇంజినీర్‌ని కదా, ఆప్టిమైజ్ చేద్దామనుకున్నా. సూపర్‌మార్కెట్ సొంత బ్రాండ్‌లో ‘కొవ్వు 30 శాతం తక్కువ’ అని ఉన్న ఆరు ప్యాకెట్ల కవర్ దొరికింది. పచ్చ రంగు, ఉల్లి రుచి! ఇంకేం కావాలి?

ఇక్కడి రూల్ ప్రకారం ‘తగ్గించాం’ అని రాయాలంటే అలాంటి మామూలు సరుకు కంటే కనీసం 30 శాతం తక్కువ ఉండాలి. ఎలా తగ్గిస్తారో కూడా చదివా. బంగాళాదుంపలో ఐదింట నాలుగొంతులు నీళ్లే. మరిగే నూనెలో పడగానే ఆ నీళ్లు ఆవిరై పోతాయి. బయటికి తీసి చల్లారేటప్పుడు లోపలి ఖాళీలు పైనున్న నూనెను పీల్చుకుంటాయి. అందుకే మామూలు చిప్స్ బరువులో దాదాపు మూడో వంతు నూనే. అది పీల్చుకునే లోపే వేడి ఆవిరి కొట్టో, బట్టలు పిండే మెషిన్‌లా గిర్రున తిప్పో నూనె వదిలించేస్తే తక్కువ కొవ్వు చిప్స్. ‘బేక్డ్’ అని రాసినవి చాలావరకు వేరే జాతి. ఎండబెట్టిన బంగాళాదుంప పొడిని ముద్ద చేసి, పల్చగా వత్తి కాలుస్తారు.

ఇంత తెలివి సంపాదించి నేను చేసిందేంటి? రోజుకి ఒకటి తినేవాణ్ని రెండు తినడం మొదలుపెట్టా. తక్కువ కొవ్వే కదా! 70 రెళ్లు 140 అని లెక్క రాక కాదు. లెక్క వేసుకోలేదు.

అమ్మకి ఫోన్‌లోనే తెలిసిపోయేది.

“ఏంట్రా ఆ చప్పుడు?”

“ఏం లేదమ్మా, నెట్‌వర్క్.”

“నెట్‌వర్క్ కరకరలాడుద్దా?”

ఆ చప్పుడు మీద పరిశోధన కూడా ఉంది తెలుసా? ఆక్స్‌ఫర్డ్‌లో చార్ల్స్ స్పెన్స్, ఆయన సహచరుడు జాంపినీ కలిసి మనుషులకి హెడ్‌ఫోన్స్ పెట్టి ప్రింగిల్స్ కొరికించారు. కొరికే శబ్దాన్ని పెంచి వినిపిస్తే అవే చిప్స్ ఇంకా తాజాగా, ఇంకా కరకరలాడుతున్నాయని చెప్పారట. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2008లో వీళ్లకొచ్చింది. నా రూమ్‌లో హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు. వేరే శబ్దమే లేదు మరి.

ఆరు ప్యాకెట్ల రాత్రి

జనవరిలో ఒక రాత్రి పదకొండింటికి బావ ఫోన్ చేశాడు. అంటే మనకి తెల్లవారుజామున నాలుగున్నర. ఆ టైమ్‌లో ఇండియా నుంచి ఫోన్ వస్తే ఎత్తకముందే చేతులు చల్లబడతాయి.

“మావయ్యకి గుండెల్లో పట్టేసినట్టుందిరా. విజయవాడ తీసుకెళ్తున్నాం. నువ్వు కంగారు పడకు.”

కంగారు పడకుండా ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఫ్లైట్లు వెతికా. పాస్‌పోర్ట్ తీసి టేబుల్ మీద పెట్టా. బావ ఫోన్ కలవడం లేదు. అక్క “లోపలికి తీసుకెళ్లారు” అని ఒక్క మెసేజ్ పెట్టి ఆగిపోయింది. నేను మంచం మీద కూర్చుని ప్యాకెట్ చింపాను. అది అయ్యాక ఇంకోటి. ఆకలి లేదు. రుచీ తెలియలేదు. చేతికి ఒక పని, చెవికి ఒక చప్పుడు కావాలి, అంతే.

ఉదయం ఆరింటికి అక్క వీడియో కాల్ చేసింది. రెండు స్టెంట్లు వేశారు, ప్రాణానికి ప్రమాదం లేదు. ఫోన్ పెట్టేశాక చూస్తే దుప్పటి మీద ఆరు ఖాళీ కవర్లు. ఆరింటి మీదా ‘30 శాతం తక్కువ’. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. తర్వాత స్నానం చేసి ఆఫీసుకెళ్లి మేనేజర్‌ని సెలవడిగా. ప్రాజెక్టు రిలీజ్ ఉంది, మార్చిలో వెళ్లమన్నారు. నాన్న కూడా అదే మాట: “ఇప్పుడొచ్చి ఏం చేస్తావురా, నేను బానే ఉన్నా.”

గుమాస్తా లెక్క

మార్చిలో ఇంటికెళ్తూ నాన్న కోసం పన్నెండు ప్యాకెట్లు తీసుకెళ్లా. తక్కువ కొవ్వువే. డాక్టరు నూనె తగ్గించమన్నారు, ఈయనకేమో కరకరలాడేవంటే ప్రాణం. సరిగ్గా సరిపోయే గిఫ్ట్ అని నా నమ్మకం.

నాన్న సగం చిక్కిపోయాడు. చొక్కా వదులైంది. కొట్టుకి వెళ్లక రెండు నెలలు, ఉల్లి వాసన కూడా లేదు. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని కళ్లజోడు పెట్టుకుని, లారీ బిల్లు చూసినట్టు ముందూ వెనకా చూశాడు.

“ముప్పై తక్కువంటే, డెబ్బై ఉన్నట్టే కదరా?”

“అదీ... అవును నాన్నా.”

“కొట్లో బస్తాకి తరుగు తీస్తాం. తరుగెంత అని రైతు గొడవ పడతాడు. గుమాస్తా చూడాల్సింది తరుగు కాదు, మిగిలిందెంత అని. ఈ ఉప్పెంత ఉందో చూశావా? నాకు బీపీ బిళ్ల కూడా రాశారు.”

చూడలేదు. అప్పుడు చూశా. మామూలు ప్యాకెట్‌తో పోలిస్తే కొవ్వు తగ్గింది, ఉప్పు దాదాపు అలాగే ఉంది. బ్రిటన్‌లో చాలా ప్యాకెట్ల ముందు ట్రాఫిక్ లైట్ రంగులుంటాయి. 100 గ్రాములకి కొవ్వు 17.5 గ్రాములు దాటితే ఎరుపు. మామూలు చిప్స్‌లో 30 గ్రాముల పైనే ఉంటుంది. అందులో 30 శాతం తీసేసినా 21 దగ్గర ఆగుతుంది. అంటే ఇంకా ఎరుపే! నాలుగు నెలలు ఆ ఎర్ర గడిని రోజూ చూస్తూ పచ్చ ప్యాకెట్ చింపాను.

మీరూ ఈసారి ఏ ‘డైట్’ ప్యాకెట్ కొన్నా పెద్దక్షరాల అంకె వదిలేసి వెనక ఉన్న పట్టిక చూడండి. కొవ్వు, ఉప్పు, కవర్‌లో మొత్తం బరువు. అర నిమిషం పని.

ఆ పన్నెండు ప్యాకెట్లూ అక్క పిల్లలు రెండు రోజుల్లో లాగించేశారు. నాన్న ఒకే ఒక్క ముక్క తిని, “మన ఉల్లి కాదురా ఇది, పొడి” అని తేల్చేశాడు.

బెల్‌గ్రేవ్ రోడ్డులో మరమరాలు

తిరిగొచ్చాక మొదటి ఆదివారం బెల్‌గ్రేవ్ రోడ్డుకి వెళ్లా. దీన్ని గోల్డెన్ మైల్ అంటారు. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియా వాళ్లని వెళ్లగొట్టినప్పుడు, దయచేసి మా ఊరికి రావద్దంటూ లెస్టర్ కౌన్సిల్ అక్కడి పేపర్లో ప్రకటన ఇచ్చింది. అయినా వేలల్లో వచ్చారు. ఇప్పుడు అదే ఊరు ఈ రోడ్డు మీద దీపావళి లైట్లు చూపించి గొప్పలు చెప్పుకుంటుంది. చీరల కొట్లు, బంగారం, వేడి జిలేబీ, గుజరాతీ బామ్మల బేరాలు. లెస్టర్ వస్తే ఇది మిస్ కావద్దు.

అక్కడే అప్పడాలు కొంటుంటే ఒక విషయం గుర్తొచ్చింది. బ్రిటన్‌లో చిప్స్ మీద 20 శాతం పన్ను, అప్పడాల మీద సున్నా. వాకర్స్ వాళ్లు తమ చిన్న సైజు ‘పాపడమ్స్’ కూడా అప్పడాలే అని వాదిస్తే 2024లో ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. వాటిలో బంగాళాదుంప ఉంది, ప్యాకెట్ చింపి అలాగే తినేస్తారు, కాబట్టి పన్ను కట్టాల్సిందే అంది. పేరు మార్చినా సరుకు మారదని నాన్న చెప్పిందే కోర్టూ చెప్పింది.

ఆ కొట్లోనే మరమరాలు దొరికాయి. వాళ్లు ‘మమ్రా’ అంటారు. పెద్ద సంచి తెచ్చుకున్నా. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం నేను వీడియో కాల్ పెట్టేసరికి గూడెంలో సాయంత్రం. నాన్న గిన్నెలో మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం. ఉప్పు అమ్మ చేతిలో ఉంటుంది, ఆయన అడిగినా వెయ్యదు. ఇక్కడ నా గిన్నెలోనూ అదే. ఉల్లి తరుగుతుంటే వేళ్లకి అంటిన వాసన సాయంత్రం దాకా పోదు. నేనూ కడుక్కోను.

చిప్స్ మానేశానా అంటే, లేదు. శుక్రవారం ఒక ప్యాకెట్ తింటా. మామూలుదే, పూర్తి నూనెది, ఒక్కటే. తింటున్నంతసేపూ అది చిప్స్ అని నాకు తెలుస్తూనే ఉంటుంది.

నిన్న కాల్‌లో నాన్న ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుని నమిలాడు.

“వినబడుతోందా?”

“మెత్తబడ్డాయి నాన్నా. నిమ్మరసం ముందే పిండేశారా?”

“మీ అమ్మ పిండేసింది” అన్నాడు. వెనక నుంచి అమ్మ అరిచింది. కాల్ ఇంకో అరగంట నడిచింది.